వెనుక వచ్చువారి అడుగు



పర్యాటక విద్య నభ్యసించు విద్యార్థినీ విద్యార్థుల నుద్దేశించి ఈ సాయంకాలము నాలుగు మాటలు చెప్పుటకు నాకు అవకాశము లభించినది. పటము చదువుట, పైకము చెల్లించుట, స్వదేశమును చూపుట అను మూడు విషయములు మీ పాఠ్యక్రమములో మూడు వేర్వేరు పాఠములుగా నుండును; మూడింటికి మూడు పుస్తకములు, మూడు పరీక్షలు. కాని ఇరువదియేండ్లకు పైగా ఈ విద్యనే చెప్పుచు, విద్యార్థులను వెంటబెట్టుకొని ఊళ్లు తిరుగుచు వచ్చిన నాకు, ఈ మూడును ఒకే విద్యకు మూడు ముఖములని క్రమక్రమముగా తోచినది. ఆ విద్య యేదో చెప్పుటకు ముందు, దానిని నాకు నేర్పిన ఒక పెద్దమ్మ సంగతి చెప్పవలెను.

నేను ఉద్యోగములో చేరిన తొలి దినములలో ఒకసారి విద్యార్థులను, వారి యిండ్లలోని పెద్దలను కొందరిని అహోబిలయాత్రకు తీసికొనిపోయితిని. ఎగువ అహోబిలమునుండి జ్వాలానరసింహస్వామి సన్నిధికి పోవు త్రోవ భవనాశి వాగు వెంబడి, రాళ్లమీదుగా, మెట్లమీదుగా, కొండచరియల నంటిపెట్టుకొని పోవును. నా చేతిలో పటము కలదు. పటములో ఆ దూరము బొటనవ్రేలి వెడల్పు మాత్రమే. మాతో వచ్చిన పెద్దలలో డెబ్బదియేండ్ల ముసలమ్మ యొకామె, చేతికఱ్ఱ యూని, కొంత దూరము నడచి, "ఇంకెంత దూరం నాయనా?" అని యడిగినది. "ఎంతో లేదు పెద్దమ్మా, పావుగంటలో చేరిపోతాం" అంటిని. కొంతసేపటికి మరల నడిగినది. మరల నదే సమాధానము చెప్పితిని. మూడవసారి ఆమె నన్ను అడుగలేదు. వాగు ప్రక్కనున్న బండమీద కూర్చుండి, అరికాళ్లు నిమురుకొనుచు, ఏమాత్రము నిష్ఠురము లేని గొంతుతో, "నీకు దగ్గరే నాయనా, నీ కాళ్లతో నడుస్తున్నావు గనక" అన్నది.

ఆ మాట నాటినుండి నేటివరకు నా చెవిలో నున్నది. ముందు నడచువాడు దూరమును తన యడుగుతో గాక వెనుక వచ్చువారి యడుగుతో కొలువవలెను. పటమును గూర్చి గాని, పైకమును గూర్చి గాని, దేశమును చూపుటను గూర్చి గాని నేను చెప్పదలచినదెల్ల ఈ యొక్క మాటలోనిదే.

మొదట పటము సంగతి. పటము చదువువానికి ముందుగా తెలియవలసినది కొలమానము. భారత సర్వేక్షణ శాఖవారు, అనగా సర్వే ఆఫ్ ఇండియావారు, ముద్రించు స్థలాకృతి పటములలో మిక్కిలి వాడుకలోనున్నది యాబదివేలకు ఒకటి కొలమానము గలది. అందులో రెండు సెంటీమీటర్లు నేలమీద ఒక కిలోమీటరు. ఇంతవరకు పిల్లలందరును బట్టీపట్టుదురు. అయితే త్రోవ వంకరలు తిరిగినప్పుడు స్కేలుబద్ద పనికిరాదు. ఒక నూలుపోగును తీసికొని, నీటిలో తడిపి, పటములోని త్రోవ వెంబడి మలుపు మలుపునకు వ్రేలితో నొక్కుచు పరచి, ఆ పోగును చాచి కొలమానపు గీతకు పట్టి చూడుడు. బద్దతో నాలుగు కిలోమీటర్లని తేలిన దూరము పోగుతో ఆరో ఏడో యగును. ఆ మిగిలిన రెండు మూడు కిలోమీటర్లే యాత్రికుని కాళ్లలోని నొప్పి.

రెండవది యెత్తు. పటము బల్లపరుపు కాగితము. కొండ బల్లపరుపు కాదు. ఈ లోపమును తీర్చుటకే కాంటూరు రేఖలు, అనగా సమానమైన యెత్తుగల చోట్లను కలుపుచు గోధుమవర్ణములో గీసిన గీతలు, ఏర్పడినవి. వీనిని బోధించుటకు నేను తరగతిలోనికి ఒక వెడల్పాటి పళ్లెమును, ఒక చెంబు నీళ్లను, ఒక ప్రక్క నిటారుగను మఱియొక ప్రక్క ఏటవాలుగను ఉండు రాతిని తీసికొనిపోవుదును. రాతిని పళ్లెములో నిలిపి, ఒక అంగుళము లోతున నీరు పోసి, నీటియంచు రాతిని తాకినచోట చుట్టును సుద్దతో గీత గీయింతును. మఱియొక అంగుళము పోసి మఱియొక గీత. ఇట్లు రాయి మునుగువరకు. అటుపిమ్మట నీరు పారబోసి, పిల్లలను పళ్లెముపైకి వంగి, ఒక కన్ను మూసికొని, సరిగా పైనుండి చూడుమందును. నిటారు ప్రక్కను గీతలు ఒకదానినొకటి రాచుకొనుచున్నట్లు దగ్గరగను, వాలు ప్రక్కను ఎడమెడముగను కనిపించును. పుస్తకములోని నిర్వచనమును పదిసార్లు వల్లించినను బోధపడని పిల్లవాడు ఆ క్షణమున తలయెత్తి, "అయితే గీతలు దగ్గరపడితే ఊపిరి ఆడదన్న మాట!" అనును. అంతకంటె మంచి నిర్వచనమును నేను చదువలేదు.

తెలుగువారికందరికి తెలిసిన యుదాహరణ మొకటి చెప్పెదను. తిరుమలకు నడచిపోవుటకు త్రోవలు రెండు. అలిపిరి త్రోవ సుమారు తొమ్మిది కిలోమీటర్లు, 3,550 మెట్లు. శ్రీనివాసమంగాపురము ప్రక్కనుండి పోవు శ్రీవారిమెట్టు త్రోవ రెండు కిలోమీటర్లకు కొంచెము పైన, 2,388 మెట్లు. దూరము మాత్రమే చూచువాడు రెండవది నాలుగవవంతు శ్రమయని భ్రమపడును. మెట్లు లెక్కించువాడు దానిలో మూడింట రెండువంతుల మెట్లున్నవని, అవి వెంటవెంటనే యెక్కవలసినవని గ్రహించును. కీళ్లనొప్పులుగల వృద్ధునికి ఏ త్రోవ చెప్పవలెనో, ప్రాతఃకాలముననే యెక్కి మధ్యాహ్నమునకు దిగవలసిన యువకునికి ఏ త్రోవ చెప్పవలెనో నిర్ణయింపగలవాడే పటము చదివినవాడు. 1892లో నైస్మిత్ అను స్కాట్లండు పర్వతారోహకుడు ఈ విషయమై ఒక సులువైన లెక్కను చెప్పెను: నడకకు గంటకు మూడుమైళ్లు, అనగా ఇంచుమించు ఐదు కిలోమీటర్లు, ఎక్కవలసిన ప్రతి రెండువేల అడుగులకు అదనముగా ఒక గంట. ఇది దృఢకాయునికి తగిన లెక్క. మీ వెంట పెద్దలున్నచో దానిని రెట్టింపు చేసికొని, నీళ్లు త్రాగుటకును నీడను కూర్చుండుటకును మఱికొంత కలుపుడు.

మూడవది దిక్కు. ఈ విషయమున మన పెద్దలు మనకంటె అదృష్టవంతులు. పడమటిల్లు, తూర్పువీధి, ఈశాన్యమున నుయ్యి, ఉత్తరపు గుమ్మము అని దిక్కులు వారి నిత్యసంభాషణలోనే యుండెడివి. కుడియెడమలతో పని లేకయే వారు త్రోవ చెప్పగలిగెడివారు. ఇప్పటి పిల్లలను ఉత్తరమెటని యడిగిన యెడల జేబులోని ఫోను తీయుదురు. ఫోను దొరకనిచో నీడను చూడవచ్చును. కాని ఆ నీడ విషయమై మన ప్రాంతమున ఒక జాగ్రత్త అవసరము. మధ్యాహ్నపు నీడ ఉత్తరమును చూపునని పాఠములలో నుండును. మనము కర్కటకరేఖకు దక్షిణముననున్న వారము గనుక, వేసవిలో సూర్యుడు మన నడినెత్తిని దాటి ఉత్తరమునకు పోవును. హైదరాబాదులో మే రెండవ వారము మొదలు ఆగష్టు తొలి దినములవరకు మిట్టమధ్యాహ్నపు నీడ దక్షిణమునకే పడును. ఈ సంగతి నెఱుగక నీడను నమ్మినవాడు పటమును తలక్రిందులుగా పట్టుకొనినవాడగును.

ఈ పటములు ఎవరివలన వచ్చినవో కొంచెము స్మరింపవలెను. 1802లో విలియం లాంబ్టన్ మదరాసు దగ్గర ఆధారరేఖను కొలుచుటతో మన దేశపు మహాత్రికోణ సర్వేక్షణము ఆరంభమైనది. గొలుసులు, దుర్భిణీయంత్రములు నేలను కొలిచినవి. కాని నేలకు పేరు చెప్పువారు ఎవరు? పిమ్మట 1815లో భారతదేశపు తొలి సర్వేయర్ జనరల్ అయిన కాలిన్ మెకంజీకి స్థలచరిత్రలు సేకరించు పనిలో కుడిభుజముగా నిలిచినవారు ఏలూరివారగు కావలి సోదరులు. వారిలో బొఱ్ఱయ్య 1803లో అకాలమరణము నొందగా, లక్ష్మయ్య ఆ భారమును వహించెను. వారు ఊరూరికి పోయి, కరణములను, పెద్దలను, అర్చకులను కూర్చుండబెట్టి, ఈ చెరువును ఎవరు త్రవ్వించిరి, ఈ గుడికి మాన్యమెవరిచ్చిరి, ఈ కొండకు ఈ పేరేల వచ్చెనని యడిగి వ్రాయించిరి. అట్లు సమకూడినవే గ్రామ కైఫీయతులు. నేలను కొలిచినవాడు పటమును గీసెను. నేలను గూర్చి యడిగినవాడు కథను వ్రాసికొనెను. పర్యాటక విద్యార్థికి ఈ రెండు పనులును వారసత్వముగా సంక్రమించినవి.

పటము ఒకసారి గీసినచో శాశ్వతమని యెంచరాదు. నాగార్జునకొండ ఒకప్పుడు కొండలనడుమనున్న లోయ. ఇక్ష్వాకుల విజయపురి యచటనే వెలసినది. 1955లో నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగి, ఆనకట్ట పూర్తియై నీరు నిండినపిమ్మట, లోయ మునిగి కొండకొప్పు ద్వీపమైనది. త్రవ్వకములలో వెలువడిన స్తూపవిహారములలో కొన్నింటిని రాయి రాయిగా విడదీసి పైకి తెచ్చి నిలిపిరి. పాతపటమును చూచి అచటికి నడచిపోవ బయలుదేరినవానికి లాంచి యెక్కవలసివచ్చును. పటముపై ముద్రించిన సంవత్సరమును మొదట చదువుట ఇందులకే. అట్లే, పటము చెప్పని సంగతులు కొన్ని యుండును. హైదరాబాదునుండి శ్రీశైలమునకు పోవు బాట నల్లమలలోని పులుల అభయారణ్యము గుండ పోవుటచే, మన్ననూరు దగ్గర అటవీశాఖవారి గేటును రాత్రి తొమ్మిదిగంటలకు మూసి ఉదయము ఆరుగంటలకు తెఱచుదురు. ఫోనులోని పటము ఆ దారిని నీలిగీతతో ఎంత అందముగా చూపినను, రాత్రి తొమ్మిదిన్నరకు అచటికి చేరినవాడు పసిపిల్లలతో వాహనములోనే తెల్లవార్చవలెను. ఆ యడవిలో చాలదూరము సిగ్నలు కూడ నుండదు. కనుక ఫోనులో పటమును ముందుగనే దింపుకొని యుంచుకొనుడు. కాగితపు పటము నొకదానిని సంచిలో పెట్టుకొనుడు. బయలుదేరుటకు ముందు ఆ దారిని నిత్యము నడపు డ్రైవరు నొకనిని అడుగుడు.

ఇక పైకము సంగతి. 1830 మే 18వ తేదీన మదరాసు సుప్రీంకోర్టులో ద్విభాషిగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు పెద్ద పరివారముతో కాశీయాత్రకు బయలుదేరి, అహోబిలము, శ్రీశైలము, హైదరాబాదు, నాగపురముల మీదుగా కాశికి పోయి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరిరి. ఆ ప్రయాణమును వారు మజిలీ మజిలీకి వ్రాసియుంచిరి. అది 1838లో కాశీయాత్రచరిత్ర అను పేర అచ్చయినది. ఏ యూరిలో ఏ వస్తువు దొరకును, ఏ బాట యెట్లున్నది, దిగుటకు వసతి కలదా లేదా అని తమ వెనుక వచ్చు యాత్రికుని దృష్టియందుంచుకొని వ్రాసిన ఆ గ్రంథమును ప్రతి పర్యాటక విద్యార్థి చదువవలెను. ఆ కాలమున దూరప్రయాణీకునకు ధనమును మోయుట పెద్ద భయము. అందుచేత ఒక యూరి సాహుకారు వ్రాసియిచ్చిన హుండీని మఱియొక యూరి సాహుకారు చూచి రొక్కమిచ్చెడివాడు. కాగితముముక్కకు విలువనిచ్చినది వారిరువురి నడుమనున్న నమ్మకమే. నేడు కాగితము పోయి ఫోను వచ్చినది. నమ్మకపు స్థానమున నమ్మకమే యున్నది.

2016లో నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్‌వారు యూపీఐ పద్ధతిని ప్రవేశపెట్టినపిమ్మట, కొబ్బరిబొండము అమ్మువాని బండిమీదను క్యూఆర్ కోడు వెలసినది. ఇది మహోపకారము, చిల్లర బాధ తీరినది. అయినను ప్రయాణములో దాని నొక్కదానినే నమ్ముకొనరాదని నాకు అరకు ఘాటుబాటలో తెలిసినది. మలుపునొద్దనున్న ఒక టీకొట్టు దగ్గర మా బస్సు ఆగినది. ఒక విద్యార్థి పదునలుగురి టీలకు ఫోనుతో చెల్లించుచుండగా మధ్యలో సిగ్నలు పోయినది. అతని ఖాతాలో సొమ్ము తగ్గినట్లు సందేశము వచ్చినది. సొమ్ము చేరినదని చాటు కొట్టులోని పెట్టె మాత్రము పలుకలేదు. "నాకు కట్టయిపోయిందండీ" అని అతడనును. "నాకు రాలేదు బాబూ" అని కొట్టు నడుపు నామె యనును. ఇరువురిదియు సత్యమే. బస్సు హారను మ్రోగుచున్నది. చివరకు ఆమెయే, "పోనీలెండి, తర్వాత పంపండి" అని పాలగిన్నెవైపు తిరిగినది. ఆ గిన్నెలో పాలు అడుగంటియుండెను; ఆ సొమ్ముతోనే ఆమె మరల పాలు కొనవలెను. నేను సంచిలోని రొక్కము తీసి ఆమె చేతికిచ్చితిని. విద్యార్థి సొమ్ము మూడవనాడు అతని ఖాతాకు తిరిగివచ్చినది. దుకాణమునకు చేరని యూపీఐ సొమ్మును ఐదు దినములలో తిరిగి జమచేయవలెననియు, ఆలస్యమైనచో దినమునకు నూరు రూపాయల వంతున పరిహారమీయవలెననియు రిజర్వుబ్యాంకువారు 2019లో నియమము చేసియున్నారు. అతనికి నియమము రక్షణ యిచ్చినది. ఆమెకు ఆ యుదయమున రొక్కమే రక్షణ.

కనుక మీరు ఏ యాత్రకు పోయినను పైకమును మూడు విధములుగా నుంచుకొనుడు: ఫోనులో కొంత, కార్డులో కొంత, చిన్ననోట్లుగా కొంత, ఆ నోట్లనైనను రెండుచోట్ల. కోడును స్కాను చేసినపిమ్మట తెరపై వచ్చిన పేరును పైకి చదివి, ఎదుటివారు ఔనన్నపిమ్మటనే పిన్ను నొక్కుడు. సొమ్ము పంపుటకే పిన్ను. సొమ్ము పుచ్చుకొనుటకు పిన్ను ఎన్నడును అక్కఱలేదు. ఈ యొక్క వాక్యమును మీ వెంట వచ్చు పెద్దలందరిచేత బస్సు కదలకముందే కంఠస్థము చేయింపుడు. ఒకవేళ ఎవరైన మోసపోయినచో సిగ్గుపడి దాచక, వెంటనే 1930 నంబరుకు ఫోను చేయింపుడు. ఆలస్యమైన కొలది సొమ్ము దూరమగును.

ఇతరుల సొమ్ము మీ చేతిలో నున్నప్పుడు మఱియొక కర్తవ్యము కలదు. బయానా యెంత, మిగిలినది ఎప్పుడు చెల్లింపవలెను, ప్రయాణము మానుకొన్నచో ఎంత తిరిగివచ్చును, భోజనము ధరలో కలిసియున్నదా లేదా అను నాలుగు విషయములను సొమ్ము పుచ్చుకొనకముందే తేటతెలుగులో వ్రాసియిండు. రైలుటిక్కెట్లకు 2024 నవంబరునుండి ముందస్తు గడువు అరువది దినములకు తగ్గినది. ఈ సంగతి తెలియక నాలుగు నెలల ముందే టిక్కెట్లు దొరకునని మాట యిచ్చినవాడు తరువాత ఎవరికి సంజాయిషీ చెప్పుకొనగలడు? ప్రతి సాయంకాలము బసకు చేరినపిమ్మట వచ్చినది, పోయినది, మిగిలినది అని మూడు గళ్లలో లెక్క వ్రాసి, అడిగినవారికి చూపుడు. నెలనెల కొంత కొంత కూడబెట్టి కాశి చూడవచ్చిన రైతునకు మీ చేతిలోని నూరు రూపాయలు ఒక పగటి కష్టము. దూరమును వెనుక వచ్చువారి యడుగుతో కొలిచినట్లే, ఖర్చును వారి కష్టముతో కొలువవలెను.

మూడవది స్వదేశపర్యటనము. ఈ పేరు క్రొత్తదేగాని ఆచారము ప్రాచీనము. 2015లో గోదావరికి, 2016లో కృష్ణకు పుష్కరములు వచ్చినప్పుడు తెలుగునేల నలుమూలలనుండి జనులు మూటాముల్లెలతో నదీతీరములకు తరలిరి. పండ్రెండేండ్ల కొకసారి బంధుమిత్రులతో బయలుదేరి, పితరులను తలచుకొని, త్రోవలోని రెండు గుళ్లను చూచి, ఒక చీరయో ఒక బొమ్మయో కొనుక్కొని తిరిగివచ్చువాడే మన దేశపు అసలు పర్యాటకుడు. అతనికి సుఖము కొంచెము తక్కువైనను సరియే, మర్యాద తక్కువ కారాదు.

అతనికి ఏమి చూపవలెను? పాలంపేటలోని రామప్పగుడిని కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించెను. శాసనము 1213 నాటిది. 2021లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించినది. ఈ మూడు వాక్యములు ఏ ఫలకముమీదనైన నుండును. వాక్యములు చెప్పి ఊరకుండువాడు మార్గదర్శి కాడు. సందర్శకుని ఒక స్తంభము ప్రక్కకు తీసికొనిపోయి, నున్నని ఆ నల్లరాతిలో తన ముఖపు నీడను తనకు చూపుడు. శిఖరమునకు వాడిన యిటుకలు నీటిపై తేలునంత తేలికయని చెప్పి, క్రింది రాతిపై ఆ బరువును ఎందుకు తగ్గించియుందురో అతనినే ఆలోచింపనిండు. అట్టి ఒక్క ప్రశ్నను ఇంటికి తీసికొనిపోయినవాడు మరల వచ్చును, పదిమందిని తెచ్చును.

వెనుక వచ్చువారు యాత్రికులు మాత్రమే కారు. మనము చేరిన యూరి వారును మన ప్రయాణపు బరువును మోయుదురు. 1951లో వినోబాభావేకు తొలి భూదానము లభించిన పోచంపల్లిని 2021లో ప్రపంచ పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామములలో నొకటిగా ఎన్నినది. అచటి నేతగాండ్రు నూలును ముందుగనే లెక్కప్రకారము కట్లు కట్టి, రంగులో ముంచి, కట్టు విప్పి, మఱియొక రంగునకు మరల కట్టి, అటుపిమ్మట మగ్గమున కెక్కింతురు. వస్త్రము నేయకముందే బొమ్మ పోగులలో నిదురించుచుండును. ఒక పోగు జరిగెనా, బొమ్మలోని చిలుక ముక్కు చెదరును. అట్టి మగ్గము దగ్గరకు నలువదిమందిని ఒక్కసారిగా తోలి, ఫోటోలు తీయించి, ధర సగమునకు బేరమాడించి, ఏమియు కొనక మరలించుట సందర్శనము కాదు. పదేసిమందిగా పోవుడు, నేతగాని అనుమతి యడుగుడు, ఆ చీరకు ఎన్ని దినములు పట్టినవో ముందు అడిగి, ఆ పిమ్మట ధర యడుగుడు. దినముల సంఖ్య విన్న నోటికి బేరమాడ బుద్ధిపుట్టదు. ఆ యూరిలోనే భోజనము చేయుడు. మనము ఖర్చుపెట్టిన రూపాయి ఆ యూరిలో ఒక రాత్రియైన నిలువవలెను.

విద్యార్థులారా, ఈ వారములో మీరు చేయవలసిన పని యొకటి చెప్పి ముగించెదను. మీ యూరి బస్టాండునుండి మీ యింటికి ఒక పటము గీయుడు. కొలమానము, ఉత్తరదిక్కు, సంకేతములు సరిగా నుంచుడు. అటుపిమ్మట మీ యింటిలోని మిక్కిలి పెద్దవారిని వెంటబెట్టుకొని ఆ త్రోవను నడువుడు. వారు ఎచట ఆగిరో అచట ఒక చుక్క పెట్టుడు. నీడ యెచట, మంచినీళ్లెచట, కూర్చుండుటకు అరుగెచట, ఏ దుకాణమున ఫోనుతో చెల్లింపవచ్చును, ఏ దుకాణమున రొక్కమే కావలెను అని గుర్తింపుడు. అదియే మీ తొలి యాత్రాపటము.

ఆనాడు అహోబిలములో ఆ పెద్దమ్మ బండమీద సేదదీరి, నా భుజముపై చేయి వేసి, అడుగడుగున నిలుచుచు జ్వాలానరసింహుని సన్నిధికి చేరినది. పైనుండి రాలు నీటితుంపరలలో నిలిచి ఆమె చేతులు మోడ్చినప్పుడు నేను గడియారము చూచితిని. నేను పావుగంటయని చెప్పిన చోటునుండి ఆమెకు గంటన్నర పట్టినది. ఆ రాత్రి దిగువ అహోబిలములో దీపము ముందు కూర్చుండి, పటములో ఆ త్రోవ ప్రక్కన పెన్సిలుతో వ్రాసికొంటిని: "పెద్దమ్మకు గంటన్నర." పటము మడతలు చిరిగి రెండుమారులు అతికించితిని; ఆ యక్షరములు మాత్రము ఇంకను చదువ వీలుగనే యున్నవి. ప్రతియేట క్రొత్త విద్యార్థులకు కొలమానము చెప్పుటకు ముందు వానినే చూపుచున్నాను.